బొంగురు గొంతాయన

"మీదీ గొంతేనా?"

ఆస్పత్రి వరండాలో పక్క కుర్చీలోంచి వచ్చిన ఆ బొంగురు గొంతుకి మైకమ్మ ఉలిక్కిపడింది.

పద్దెనిమిదేళ్లుగా బస్టాండు మైకులో బస్సుల వేళలు చెప్పీ చెప్పీ ఆవిడకి ఆ పేరే స్థిరపడిపోయింది. గొంతులో కాయ తీసేశాక స్వరతంతువుల మీద మచ్చ మిగిలింది. మాట గుసగుస దాటడం లేదు. మూడు నెలల్లో గొంతు రాకపోతే ఆవిడ బదులు రికార్డు చేసిన గొంతు పెట్టేస్తామన్నారు పైవాళ్లు.

"పొట్ట దగ్గర కాస్త కొవ్వు తీస్తారు. అందులోంచి మూలకణాలు వేరుచేసి సూదితో గొంతుకి ఎక్కిస్తారు. అంతే!" అన్నాడాయన. "ఇకమీదట ఎవరైనా మనల్ని కొవ్వెక్కి మాట్లాడుతున్నావంటే, అవునండీ అనాల్సిందే!"

తన జోకుకి తనే నవ్వాడు. చెక్క మీద రంపం లాగినట్టుంది ఆ నవ్వు.

మైకమ్మకి నవ్వు రాలేదు.

"మీకు చేసి ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు."

ఆవిడ ఆయన గొంతు వైపు చూసింది.

"మరి... తగ్గలేదా?"

"నా సంగతి వేరమ్మా. మీకు తగ్గుతుంది, చూస్తూ ఉండండి."

తన గొంతుకే దిక్కులేదు, నా గొంతుకి జోస్యమా! అనుకుంది. విసురుగా లేచి నర్సు దగ్గరికెళ్లింది.

"ఆయన్ని చూస్తేనే భయమేస్తోంది సిస్టర్. నన్ను ఇంకెక్కడైనా కూర్చోబెట్టండి."

గుసగుసే అయినా వినపడినట్టుంది. ఆయనే చేతిసంచీ తీసుకుని వరండా చివరికి వెళ్లి కూర్చున్నాడు.

తర్వాత రెండుసార్లు ఎదురుపడ్డాడు. తలాడించాడు. దూరంగానే కూర్చున్నాడు.

చికిత్స జరిగిన రెండో నెలలో ఒక ఉదయం మైకమ్మ కూతుర్ని పిలిచింది. వంటింట్లో గిన్నె జారిపడిన చప్పుడైంది. కూతురు పరుగెత్తుకొచ్చి వాటేసుకుని, "మళ్లీ పిలువమ్మా!" అని ఏడ్చింది.

గడువు తీరకముందే ఆవిడ మైకు ముందు కూర్చుంది. డ్రైవర్లందరూ హారన్లు మోగించారు.

ఆఖరి పరీక్షకి వెళ్లినప్పుడు వరండా అంతా వెతికింది. ఆయన లేడు.

"ఆ బొంగురు గొంతాయన రాలేదా డాక్టరుగారూ? ఆ రోజు ఆయన మనసు నొప్పించాను. ఒక్కమాట చెప్పుకుందామని..."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది.

"కిందటి వారం గుండెపోటుతో పోయారమ్మా."

మైకమ్మ తలుపులోంచి వరండా చివరి కుర్చీ వైపు చూసింది.

"పాపం... ఆయనకెందుకు తగ్గలేదు?"

"ఇక్కడ ఈ చికిత్స మొదట చేయించుకుంది ఆయనే. కణాలు ఎన్ని ఎక్కించాలో, ఎప్పుడు ఎక్కించాలో అప్పటికి మాకే సరిగ్గా తెలియదు. ఆ మాట ముందే చెప్పాం. అయినా ఒప్పుకున్నారు."

"తగ్గనప్పుడు నాలుగేళ్లుగా దేనికొచ్చేవారు?"

"ఆయన గొంతు ఇక రాదని మొదటి ఏడాదే చెప్పేశాంగానీ, మీలాంటివాళ్లకి మేం మళ్లీ అదే పొరపాటు చేయకూడదని, నెలనెలా వచ్చి మా ముందు నోరు తెరిచి కూర్చునేవారమ్మా."