లాంచీ ఆగే చోటు

"ఈడ లాంచీ ఆగది సారూ," అన్నాడు లాజరు. "ఆగితే మునుగుతది."

టూరిజం ఆఫీసరు లాజరు ఇంట్లో మంచం మీద నక్షా పరిచాడు. కొత్తగా కడుతున్న ప్రాజెక్టు నీళ్ల మీద రెండంతస్తుల లాంచీ తిప్పాలని హైదరాబాదులో ఎవరికో తోచింది. తెల్లదొరలు రెండు రోజులు అందులోనే తిని, అందులోనే పడుకుని, మధ్యలో ఒక్కచోట దిగుతారట. ఆ రేవుకు చోటు చూసి రమ్మని ఈయన్ని పంపారు. నక్షాలో ఎర్రచుక్క ఇక్కడే పడింది.

ఈయన చేత 'పనికిరాదు' అని రాయించాలి. లాజరుకు అదొక్కటే పంతం. అందుకే పొద్దున్నుంచీ అబద్ధాలు కూడబెట్టుకున్నాడు.

"లోతు ముప్పై అడుగులు. ఇంకేం కావాలయ్యా?"

"లోతుతోని ఏం జేస్తరు సారూ? కింద బండలున్నయి, కొడవండ్ల లెక్క. ఓడ కడుపు కోస్తయి."

"పేలుస్తాం."

"మరి మొసలి? పోయినేడు పోశన్న దున్నపోతును మింగింది. పోశన్నను గూడ మింగేదే. చుట్ట వాసన పడక ఇడిసిపెట్టింది."

ఆఫీసరు నవ్వలేదు. రాసుకున్నాడు. లాజరుకు ధైర్యం వచ్చింది.

"గాలి ఇంకా పాడుది. ఈడ లేసిన నా రుమాలు మోర్తాడుల దిగింది. ఆడ ఎవడో అది సుట్టుకొని పెండ్లి గూడ జేసుకున్నడు."

లాజరు భార్య యేసమ్మ టీ తెచ్చింది. గ్లాసు పెడుతుంటే సగం నక్షా మీద ఒలికింది.

"ఆయన మాటలకేం గని సారూ," అంది. "రేవు మాత్రం వద్దు. మీకు దండం బెడుత."

"మిగతా ఊళ్లవాళ్లు రేవు కావాలని నా జీపుకు అడ్డం పడుకుంటున్నారు. బజ్జీలమ్ముకున్నా బతకొచ్చు. మీకేం నొప్పి?"

లాజరు దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"లాంచీ రాకుంటే సాలు సారూ. ఎట్లున్నోళ్లం అట్లనే ఉంటం."

ఆఫీసరు నక్షా మీది టీ తుడిచాడు. తర్వాత ఎర్రచుక్కను కొట్టేసి, పక్కన 'పనికిరాదు' అని రాశాడు.

యేసమ్మ కండ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. లాజరు టీ గ్లాసు ముందుకు జరిపాడు. "తాగుండ్రి సారూ, సల్లారుతది."

ఆఫీసరు తాగలేదు, లేచి నిలబడి, "లాంచీ వచ్చినా రాకపోయినా, డ్యాం గేట్లు మూశాక నీళ్లు దీనికి ఇరవై అడుగుల పైన నిలుస్తాయి లాజరూ" అంటూ, యేసమ్మ పొయ్యి పైన మసిబారిన వంటింటి దూలాన్ని చేతికర్రతో తట్టాడు.