మూడో వరుస

కృపాకుమారి కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. ఆ రాత్రి అభ్యాసానికి తమ చేని బోరునే ఎంచుకుంది. బోరులోని మీటరు పంపే లెక్క ప్రోగ్రామ్‌లో రాసిన ఏ వరుసకు సరిపోతే ఆ మాట తెరమీద పడాలి. నీళ్లుంటే "తడి". లేకుంటే "ఎండిపోయింది". ఈ రెండూ కానిదానికి కూడా ఒక వరుస రాయందే ప్రోగ్రామ్ ఒప్పుకోలేదు. నవ్వుకుంటూ "ఎవరది?" అని రాసి, ప్రోగ్రామ్ నడిపింది.

ఎండిపోయింది. ఎండిపోయింది. ఎవరది?

ఆమె నవ్వు ఆగిపోయింది. కరెంటొస్తే చుక్కైనా పడుతుందేమోనని చేనిదగ్గర కాపున్న నాయనకు ఫోన్ చేసింది.

"నాయనా, బోరుకాడ ఎవరన్నా ఉండారా?"

"ఈ ఎండుబోరుకాడ నేను గాక ఇంకెవరుంటారే పిచ్చిదానా!" మారెప్ప నవ్వాడు. అంతలో గొంతు తగ్గించాడు. "ఉండు. లోపల్నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తాండారు. చెవి పెట్టి వింటా."

"వద్దు నాయనా! ఇంటికొచ్చెయ్!"

ఫోన్లో గాలి చప్పుడే వినిపించింది. చేను రెండు మైళ్ల దూరం.

ఆ మూడో వరుసను చెరిపేసింది. ప్రోగ్రామ్ ఆగిపోయింది. తెరమీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

"ఇంకొకటి మిగిలి ఉంది. దానికి దారి లేదు."

ఫోన్లో గాలి చప్పుడు కూడా ఆగిపోయింది.