బుడుబుంగకు పదకొండు రోజులు

"ఆగండాగండి! ఆ చెత్త మీద రాయి వెయ్యకండి!"

నీటి అంచున నిలబడ్డ పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. చేతిలో రాయి జారి కాలి మీదే పడింది.

"చెత్తే కదమ్మా?" అన్నాడు కాలు పట్టుకుని.

"చెత్త కాదు, బుడుబుంగ అనే నీటిపిట్ట గూడు. మేతకి వెళ్ళేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి వెళుతుంది," అంది సైన్సు టీచరు.

పక్కనే మడతకుర్చీలో పల్లీలు ఒలుచుకుంటున్న అత్తగారు కిసుక్కున నవ్వింది.

"మొదటిరోజు నేనూ అలాగే అన్నాను బాబూ. కోడలి చేత చీవాట్లు తిన్నాను."

ఆ చోటికి కాగితాల్లో పేరు 'ఖాళీ స్థలం'. కొలిచినవాళ్ళు ఎండాకాలంలో వచ్చారు మరి. అప్పుడక్కడ నెర్రెలిచ్చిన నేల తప్ప ఏముంటుంది?

వానలు పడ్డాయంటే మోకాల్లోతు నీళ్ళు, నీళ్ళ నిండా తుంగ, తుంగ నిండా కప్పలూ పిట్టలూ. నాలుగు నెలల కాపురం. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ ఆలోపే కానిచ్చేయాలి.

ఇప్పుడు సరిగ్గా గూడున్న మూల మీదుగా రోడ్డు వేస్తున్నారు. కొన్నాళ్ళు ఆగమని టీచరు బతిమాలింది. "పిట్ట కోసం పని ఆపితే నన్ను ఇంట్లో కూర్చోబెడతారు," అన్నాడు సూపర్‌వైజరు.

"గుడ్లు పగలడానికి ఇంకా ఎన్ని రోజులమ్మా?" అడిగాడు పెద్దమనిషి.

"ఆఖరి గుడ్డుకి పదకొండు రోజులు. తర్వాత తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఆ ఒడ్డుకి వెళ్ళిపోతుంది."

"వీపు మీదా!" అని అతను నోరెళ్ళబెట్టాడు.

కాసేపటికి అతను సూపర్‌వైజరు మోటారుసైకిలు వెనక ఎక్కి వెళ్ళాడు. అది టీచరు చూసింది.

"వాళ్ళ మనిషే అత్తయ్యా! కూపీ లాగడానికి వచ్చాడు."

మర్నాడు బుల్డోజరు దిగింది. దిగుతూనే మొరాయించింది. సాయంత్రం టీచరు బడి నుంచి వచ్చేసరికి అది గట్టు మీద మూలుగు కూడా లేకుండా పడి ఉంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు.

"ఇంకా పది రోజులేనా అమ్మా?"

ఆ మర్నాడు, "ఇంకా తొమ్మిదేనా?"

"ఆయనకి పల్లీలు పెట్టకండత్తయ్యా, గూఢచారి," అని టీచరు గొణిగింది.

"గూఢచారైతే మాత్రం ఆకలెయ్యదుటే?" అంటూ అత్తగారు గుప్పెడు పోసింది.

అయిదోరోజు టీచరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఎన్ని రోజులు, ఎన్ని రోజులు! ఎప్పుడెప్పుడు పూడుద్దామా అని అంత తొందరగా ఉందా మీకు? దయచేసి ఇటు రాకండి."

అతని మొహం చిన్నబోయింది.

"తొందర కాదమ్మా. లెక్క తెలిస్తే నాకూ వీలుగా ఉంటుందని..."

"మీ వీలు మీరే చూసుకోండి!"

తర్వాత అతను దగ్గరికి రాలేదు. దూరంగా గట్టు మీద నిలబడేవాడు. కోడలు బైనాక్యులర్స్‌లో కళ్ళు పెట్టగానే అత్తగారు గుట్టుగా వేళ్ళు చూపించేది. ఆరు. అయిదు. నాలుగు. అతను తలూపి వెళ్ళిపోయేవాడు.

పదకొండోరోజు నాచు కదిలింది. చారల చారల పిల్లలు, నాలుగు. ఒకదాన్నొకటి తోసుకుంటూ తల్లి వీపెక్కాయి. ఒకటి జారి బుడుంగున పడి మళ్ళీ ఎక్కింది. తల్లి తీరిగ్గా అవతలి ఒడ్డు తుంగలోకి ఈదుకుంటూ పోయింది.

అత్తాకోడళ్ళు చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. టీచరుకి ఎంత సంతోషమంటే, గూఢచారికి కూడా చూపించాలనిపించింది. గట్టు మీద ఎవరూ లేరు.

మర్నాడు సెలవు. పొద్దున్నే బుల్డోజరు గర్జిస్తోంది. టీచరు నవ్వుకుంటూ వెళ్ళి సూపర్‌వైజరు చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టింది.

"మీ మిషను పాడవడం మా అదృష్టమండీ!"

"పాడా? దానికేం రోగం! రాత్రి వేరే మనిషిని పిలిపించి తాళం తిప్పిస్తే తుమ్మకుండా దగ్గకుండా స్టార్టయింది," సూపర్‌వైజరు పళ్ళు కొరికాడు. "పది రోజులపైన ఆడించాడమ్మా! ఓ రోజు పైపన్నాడు, ఓ రోజు పంపన్నాడు. ఎప్పుడు బాగవుతుందంటే 'ఇంకా ఆరు రోజులు', 'ఇంకా అయిదు' అని అచ్చు ముహూర్తం పెట్టినట్టు చెప్పేవాడు. పనిలోంచి తీసేశాను. పైగా నవ్వుతూ పోయాడు!"

టీచరు నవ్వు ఆగిపోయింది.

"ఎవరండీ?"

"ఇంకెవరమ్మా, సాయంత్రమైతే మీ దగ్గరే కనబడేవాడు కదా... మా డ్రైవరు!"