మూడోది లేకపోతే

అమ్మ ఇంటి తాళంచెవి తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు తమ్ముడు.

"సామానంతా తీసేశానక్కా. సాయంత్రం రైలుకి వెళ్లిపోతున్నా."

"ఊఁ" అంది అక్క, కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. అమ్మ పోయిన మర్నాడే పనిలోకి వచ్చేసింది. ఇప్పటిదాకా ఏడుపు రాలేదు.

తమ్ముడు తెర వైపు తొంగి చూశాడు. "ఏంటా లెక్క?"

"రెండు న్యూట్రాన్లు, ఒక ప్రోటాను. ఏ బలం వాటిని పట్టి ఉంచుతుందో చూస్తున్నా. జంటజంటగా లెక్కేసి కూడితే తక్కువొస్తోంది. మూడూ ఒకచోట ఉంటేనే పుట్టే బలం ఇంకోటుంది. దాన్ని విడిగా కలపాలి."

"ప్రోటాను లేకపోతే?"

"న్యూట్రాన్లు రెండే ఉంటే కలిసుండవు. దేని దారి దానిదే." పాఠం చెప్పినట్టే చెప్పింది.

"మధ్యవర్తి లేందే కాపురం సాగదన్నమాట" అని నవ్వబోయి, ఊరుకున్నాడు. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లాడు.

కీబోర్డు మీద అక్క వేళ్లు ఆగాయి.

"ఒరేయ్, నీ ఫోన్ నంబరు చెప్పు."

"అదేంటి, నీ దగ్గర లేదా?"

"లేదురా. ఎప్పుడూ అమ్మేగా కలిపేది."