కిటికీ దగ్గర ప్లగ్ పాయింట్

చొక్కా కాలరు కుడుతుండగా మిషను ఠక్కున ఆగిపోయింది. వెనక వైరు నుంచి కమురు వాసన వచ్చింది.

టైలరక్క వంటింట్లోకి పరుగెత్తి ప్లగ్గు పీకేసింది.

వంటింటి ప్లగ్గు నుంచి కిటికీ దగ్గరి మిషను దాకా లాగిన వైరు అది. పొడవు చాలక ఆవిడే మధ్యలో ఇంకో ముక్క మెలిపెట్టి టేపు చుట్టింది. ఆ అతుకు మాడి, కిందున్న గుడ్డపీలికలు అంటుకోబోయాయి.

ఎలక్ట్రికల్ షాపుకి ఫోను చేస్తే కాసేపట్లోనే ఒకతను వచ్చాడు. మెతక మనిషిలా ఉన్నాడు.

"మీ అడ్రసు వినగానే నేనే వెళ్తానన్నాను వదినా."

వీధి వీధంతా ఆవిణ్ణి టైలరక్కా అనే పిలుస్తుంది. ఇదెక్కడి వదిన!

"వైర్లు కలపమని పిలిస్తే వరసలు కలుపుతావేమయ్యా?"

అతను నవ్వాడు. మరలు, టేపు వేసుకునే చిన్న గుడ్డసంచీ బల్ల మీద పెట్టబోయాడు.

"అక్కడొద్దు! అన్నీ తెల్లబట్టలు. మసి అంటిందంటే నా కొంప మునుగుతుంది. కిటికీలో పెట్టు."

కిటికీలో పెట్టాడు. మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

"జేబులో ఎందుకు? నేనేమన్నా ఎత్తుకుపోతానా?"

"నేను పనిలో ఉండగా తెలీక ఎవరైనా వేసేస్తారేమోనని."

"వెయ్యడానికి ఇంట్లో ఎవరేడిశారు గనక!"

అనేసింది గానీ ఆ మాట ఆవిడకే గుచ్చుకుంది.

ఒకప్పుడు చెల్లెలు ఉండేది. ఎడమచేతి వాటం. లోకంలో అందరి చేతికుట్లూ ఒకవైపు వాలితే దానివి రెండోవైపు వాలేవి. ఎన్ని మొట్టికాయలు వేసినా మార్చుకోలేదు. నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిన రోజున, "వాడి మొహం జన్మలో చూడను" అని అక్క తలుపేసుకుంది. చెల్లెలి మొగుడు ఎవరో, ఏం చేస్తాడో చెప్పబోయినవాళ్ళ నోళ్ళు కూడా మూయించింది. పంతం నెగ్గింది. ఇల్లు మాత్రం బోసిపోయింది.

షాపతను గోడ వెంట గొట్టం బిగించి కొత్త వైర్లు లాగాడు. జాయింటు దగ్గర చిన్న పెట్టె పెట్టాడు. అందులో ఎరుపుని ఎరుపుతో, నలుపుని నలుపుతో, ఆకుపచ్చని ఆకుపచ్చతో కనెక్టర్లలో దూర్చి బిగించాడు. ఒక్కోదాన్నీ పట్టుకుని గట్టిగా గుంజాడు.

"అదేంటయ్యా! ఊడొస్తే?"

"ఊడేదైతే ఇప్పుడే ఊడాలి వదినా. అయినా మిషను ఈ కిటికీ దగ్గరే ఎందుకు? ఎండ కొట్టదూ?"

"వెలుతురు కోసం."

అది పచ్చి అబద్ధం. అక్కడ కూర్చుంటే వీధి మలుపు కనిపిస్తుంది. చెల్లెలు ఎప్పటికైనా వస్తే అటు నుంచే రావాలి. ఆవిడ కుడుతూ కుడుతూ తలెత్తి చూసేది దానికోసమే.

"ఆ పెట్టె గోడ మీద కురుపులా ఉంది. పైన సిమెంటు పూసెయ్."

"జాయింటుని పూడ్చకూడదు వదినా. ఎప్పుడో వదులవుతుంది. పూడ్చేస్తే గోడ పగలగొట్టాలి. మూత ఉందనుకోండి, తెరిచి మళ్ళీ కలుపుకోవచ్చు."

తల తిప్పకుండానే అడిగాడు.

"మీకు... నా అనేవాళ్ళు ఎవరూ లేరా?"

"ఉండేది ఒక చెల్లెలు. పోయింది."

"పోయిందంటే?"

"పోయిందంటే పోయింది. నాకు చెల్లెలు లేదు."

ఎక్కడుందో, ఎలా ఉందో అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పరాయివాడి ముందు బయటపడడానికి పరువు అడ్డొచ్చింది.

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తర్వాత పెట్టెకి మూత బిగించాడు. ఫ్యూజు పెట్టి, మెయిన్ వేశాడు.

"మళ్ళీ ఏమన్నా అయితే నీకే ఫోను చెయ్యనా?"

"షాపులో నాకు ఈవేళే ఆఖరండీ. ఇటు నుంచి ఇటే బండెక్కి ఊరొదిలి పోతున్నాం."

గుమ్మం దిగుతూ అన్నాడు.

"వస్తానమ్మా."

ఇంతసేపూ వదినా వదినా అన్నవాడు ఇప్పుడు అమ్మా అన్నాడు. ఎందుకో ఆవిడకి మనసు చివుక్కుమంది.

కూర్చుని మిషను నొక్కింది. సూది పరుగందుకుంది. అలవాటుగా తలెత్తి మలుపు వైపు చూసింది.

అక్కడ గొడుగు వేసుకుని ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. అతను దగ్గరికెళ్ళి తల అడ్డంగా ఊపాడు. గొడుగు కిందికి వాలింది. ఇద్దరూ మలుపు తిరిగారు.

అప్పుడు కనిపించింది కిటికీలో గుడ్డసంచీ.

"మతిమరుపు మేళం!" అనుకుంటూ కేకేద్దామని అందుకుంది. బొటనవేలు సంచీ అంచు మీద పడింది.

కుట్లన్నీ రెండోవైపు వాలి ఉన్నాయి.

టైలరక్క చెప్పులైనా వేసుకోకుండా మలుపు దాకా పరుగెత్తింది. ఆ మలుపులోనూ ఎవరూ లేరు, దాని అవతల రోడ్డు మీదా ఎవరూ లేరు.

సంచీని గుండెకి అదుముకుని నడిరోడ్డు మీద నిలబడిపోయిన ఆవిడకి అప్పుడర్థమైంది: అతను కొత్తగా వరస కలపలేదు, ఉన్న వరసతోనే పిలిచాడు.