గోడ మీద లేని పేరు

“ఆ మాట అబద్ధం!”

ఆరాధన సగంలో ఉండగా ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది ఆ గొంతు. పాస్టరు అభిలాష్ ప్రసంగం ఆపి తలెత్తాడు. వెనక గోడవారగా నల్లమ్మ నిలబడి ఉంది. భుజాన కంబళి, చేతిలో పాటల పుస్తకం.

“ఏదమ్మా అబద్ధం?”

“తోడేలు కనపడితే జీతగాడు గొర్రెల్ని ఇడిసిపెట్టి పరిగెత్తుతాడంటివే, అది.”

సంఘ పెద్ద పాపన్న లేచాడు. “ఏం నల్లమ్మా, అయ్యగారితో అట్లనా మాట్లాడేది? అది ఆయన మాట కాదు, వాక్యం. కూర్చో.”

“జీతగాళ్ళందరినీ ఒక్క గాటన కట్టి దొంగల్ని చేస్తాంటే యాడ కూర్చునేది?”

ఆమె కూర్చోలేదు. ప్రసంగం అయ్యేదాకా అలాగే నిలబడింది.

బత్తలపల్లె దగ్గరి ఆ ఊరికి అభిలాష్ వచ్చి రెండు నెలలైంది. ప్రభువు తనను తాను ఏయే పేర్లతో చెప్పుకున్నాడో వారానికొకటి వివరిస్తూ, ఆ పేరును నీలిరంగుతో వెనక గోడ మీద రాయిస్తున్నాడు. వెలుగు. రొట్టె. ద్రాక్షావల్లి. ద్వారం. ఈ వారం గొర్రెల కాపరి.

అందరికంటే శ్రద్ధగా వినేది నల్లమ్మే. ద్రాక్షావల్లి గురించి చెప్పినప్పుడు, “మా చేన్లలో శనక్కాయ తప్ప తీగ యాడుండాది, అయినా కానీలే” అని ఊరుకుంది. ద్వారం దగ్గర అతనికే సందేహం వచ్చింది. మనిషి తలుపెలా అవుతాడు? ఆరాధన అయ్యాక ఆమే చెప్పింది: “మా దొడ్లకు తలుపులుండవయ్యా. ముళ్ళకంపలో సందు ఉంటాది. ఆ సందుకు అడ్డంగా పండుకునేటోడే తలుపు. వాన్ని దాటకుండా గొర్రె బయటికి పోదు, తోడేలు లోపలికి రాదు.” బైబిలు కాలేజీలో చదువుకున్న మూడేళ్ళలో ఎవరూ అంత తేటగా చెప్పలేదు అతనికి.

అలాంటి మనిషి ఈవేళ ఎందుకిలా తిరగబడింది?

జనం వెళ్ళిపోతుండగా పాపన్న అతని చెవిలో అన్నాడు. “ఆమెతో వాదం వద్దు సార్. ఈరప్ప పోయినప్పటి నుంచి జీతగాడనే మాట వస్తే తట్టుకోలేదు.”

అభిలాష్ మనసు కలుక్కుమంది. నల్లమ్మ ఇంకా ఆ గోడ ముందే ఉంది. అతను దగ్గరికి వెళ్ళాడు.

“బాధ పెట్టి ఉంటే క్షమించండమ్మా. అది పోలిక మాత్రమే. ఆసామికి తన గొర్రెల మీద ఉండే ప్రేమ...”

“ఆసామికి ప్రేమ ఉంటాదని నీకెవురు చెప్పినారు?”

అతను వాక్యం చూపించబోయి బైబిలు తెరిచాడు.

“మొన్న నువ్వే చెప్పితివి. సామి పైలోకం ఇడిసిపెట్టి పనోని రూపంలో వచ్చినాడని. పనోడంటే ఎవురు? జీతగాడు కాదా? మరి ఆ పేరు ఈ గోడ మీద ఎందుకు ల్యా?”

అభిలాష్ గోడ వైపు చూశాడు. అయిదు పేర్లూ చక్కగా, నిండుగా ఉన్నాయి. ఆ ఆరో పేరు తనకెప్పుడూ తట్టలేదు.

“రాయిస్తాను,” అన్నాడు నెమ్మదిగా. “ఈరప్ప జీతగాడేనా అమ్మా?”

“జీతగాడే. పన్నెండేండ్లు ఒకే ఆసామి మంద కాసినాడు. ఆ పన్నెండేండ్లూ నా చేతి సంగటే తిన్నాడు. కూర బాగలేదని ఒక్కపొద్దు గూడ అన్లే.”

“ఎలా పోయాడు?”

“రెండేండ్ల కింద, ఎండిపోయిన వంకలో గొర్రెలు మేస్తాండె. ఈడ చినుకు ల్యా. పైన యాడో కురిసింది. ఉన్నట్టుండి నీళ్ళు గోడ మాదిరి వచ్చె.”

“అతనొక్కడే ఉన్నాడా?”

“ఇద్దరుండిరి. జీతగాడు, ఆసామి. ఆ సప్పుడు ఇద్దరికీ ఒక్కసారే వినపడె.” ఆమె గొంతు కటువైంది. “ఆసామి గట్టెక్కి, ఎనక్కి చూడకుండా పరుగు. ఈరప్ప గొర్రెల మధ్యకు దూకినాడు. ఈత రాదు వానికి. గొర్రెపిల్లల్ని ఒకటొకటే ఎత్తి గట్టు మీదికి ఇసిరినాడు. తల్లులు ఆటి ఎనకే ఎక్కె. ఒక్కటి గూడ పోలేదు. ఈరప్ప మూడోనాడు దొరికినాడు, రెండు మైళ్ళ దూరంలో.”

అభిలాష్ ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

“ఊరంతా వచ్చి ఆసామినే ఓదార్చినారు. పోనీలే, మందన్నా దక్కింది అనిరి. జీతగాని పేరు ఒక్కరూ ఎత్తలే. ఇప్పుడు నువ్వొచ్చి జీతగాడు పారిపోతాడని చదివితివి. సచ్చినోన్ని మళ్ళా ఎందుకు సంపుతారయ్యా?”

అతనికి ముఖం మండిపోయింది. సిగ్గుతో కొంత, కోపంతో అంతకు మించి. అంత జరిగితే ఆ ఆసామి ఈ ఊళ్ళోనే తలెత్తుకుని తిరుగుతున్నాడా? తిని పడుకుంటున్నాడా?

“ఎవరమ్మా ఆ ఆసామి? మన సంఘంలో మనిషేనా?”

“సంఘంలోనే. ప్రతివారం వచ్చి కూర్చుంటాది ఆ ముండమొగం.”

“పేరు చెప్పండి. పెద్దరైతే కానీ, పాపన్న చుట్టమే కానీ, ఇప్పుడే పోయి నిలదీస్తాను. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబెట్టి, పారిపోయింది నేనే అని ఒప్పిస్తాను. చెప్పండమ్మా, ఎవరికి భయపడుతున్నారు?”

నల్లమ్మ గోడ మీది నుంచి చూపు తిప్పి మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

“ఆ గొర్రెలు నావయ్యా.”