నిండిన సభ

"సభలూ గిభలూ నావల్ల కాదు వదినా. అసలే మోకాళ్ళ నొప్పులు" అంటూ పక్కింటావిడ తలుపు వేయబోయింది.

వీధంతా మిషనక్క అని పిలుచుకునే దర్జీ మనిషి గడపలో కాలు అడ్డం పెట్టింది.

"మోకాళ్ళతో పనేముందే? కుర్చీలో కూర్చోవడమే కదా! మన వీధి లైబ్రరీ తీసేస్తారట. అది పోతే మా చెల్లిని ఎక్కడో కొండల అవతలి ఊరికి పంపేస్తారు. దాన్ని వదిలి నేను బతకగలనా?"

చెల్లి ఆ లైబ్రరీలోనే పుస్తకాలిచ్చే ఉద్యోగి. అక్కచెల్లెళ్ళిద్దరూ ఉండేది ఒకే గదిలో. సాయంత్రం అక్క మిషన్ తొక్కుతుంటే, ఆ చప్పుడుకు మించి గొంతు పెంచి చెల్లి కథలు చదివేది.

పక్కింటావిడ నిట్టూర్చి చెప్పులు వేసుకుంది.

తర్వాత వడ్రంగి. "నాకు అక్షరమ్ముక్క రాదు. లైబ్రరీ ఉంటే నాకేంటి, ఊడితే నాకేంటి?" అన్నాడు.

"నీకు రాదని నీ మనవరాలికీ రాకూడదా? నడువు బాబాయ్! రాకపోతే ఈసారి నీ చొక్కాకి ఒక చెయ్యే కుడతాను."

వడ్రంగి నవ్వుతూ లేచాడు. అలా ఇల్లిల్లూ తిరిగి, బతిమాలీ బెదిరించీ, వీధి మొత్తాన్ని వెంటేసుకుని వెళ్ళింది. పురపాలక కార్యాలయంలో కుర్చీలు చాలక పక్కగదిలోంచి బల్లలు ఈడ్చుకొచ్చారు. గోడవారగా నిలబడ్డ చెల్లి వంక మిషనక్క గర్వంగా చూసింది.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "లైబ్రరీ తీసేసి ఆ స్థలంలో నీళ్ళ ట్యాంకు కడదాం. ఇంటింటికీ కుళాయి వస్తుంది. సరేననేవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ కదల్లేదు. మిషనక్క ఊపిరి పీల్చుకుంది.

అంతలో పక్కింటావిడ చెయ్యి మెల్లగా లేచింది.

"ఏమనుకోకు వదినా" అంది తల దించుకుని. "రెండు వీధుల అవతల నుంచి బిందెలు మోయలేకపోతున్నా."

వడ్రంగి నేల చూపులు చూస్తూ చెయ్యెత్తాడు. వెనక వరసలో ఒకరు, గుమ్మం దగ్గర ఇద్దరు... చేతులు లేస్తూనే ఉన్నాయి. వాటి మధ్య నుంచి మిషనక్కకు చెల్లి మొహం కనబడలేదు.

"నీళ్ళు వద్దని నేనన్నానా?" అంది మిషనక్క. "ట్యాంకు ఇంకోచోట కట్టకూడదా అయ్యా?"

"ఇంకో స్థలం ఎక్కడుందమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. పక్కనున్న గుమాస్తా లేచి, చెల్లి వైపు తిరిగి, సోమవారానికల్లా కొత్త ఊళ్ళో చేరాలని చెప్పాడు.

జనం మిషనక్క మొహం చూడలేక గబగబా బయటపడ్డారు. ఆమె మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చెల్లి వచ్చి చెయ్యి పట్టుకున్నా లేవలేదు.

అధ్యక్షుడు దగ్గరికొచ్చాడు. "మీ మేలు మరిచిపోలేమమ్మా."

"నేనేం చేశాను?"

"ఇంతకుముందు రెండుసార్లు సభ పెట్టినా జనం చాలక ఏదీ తేల్చలేకపోయాం. ఇవాళా ఎవరూ రాకపోతే, ఇక ఆ లైబ్రరీ జోలికే పోకూడదనుకున్నాం."